చీటీ సొమ్ముతో వంటిల్లు

నెల్లిమర్లలో మా తండ్రిగారు కట్టించిన పెంకుటింటి వంటిల్లు కట్టెలపొయ్యి కాలమునకు తగినట్టిది: ఆగ్నేయమూలను పొయ్యి, దానిపైన పొగ వెడలుటకు గోడలో విడిచిన కంత, ఊరగాయ జాడీలకు అటక, దీపమునకొక గూడు. పిమ్మట గ్యాసు వచ్చినది, ఫ్రిజ్జు వచ్చినది, మిక్సీయు గ్రైండరును వచ్చినవి. వానికన్నిటికిని ఒకే ప్లగ్గు ఆధారమై, గోడవెంట తీగలు వ్రేలాడుచుండెను. ఈ గదిని బాగుచేయింపవలెనని మా యింటావిడ చాలకాలముగా కోరుచుండగా, విశాఖపట్నమునుండి మాడ్యులర్ కిచెన్ వారు వచ్చి, కొలతలు తీసికొని, రూ. 3,80,000 అంచనాను, నెలవాయిదాల సౌకర్యమును మాయెదుట నుంచిరి.

జనపనార మిల్లును నమ్ముకొని పెరిగిన ఊరిలో, మిల్లు మూతపడిన నెలలలో ఇరుగుపొరుగు ఇండ్లలో అప్పు ఎట్లు పెరుగునో బాల్యమునుండియు చూచినవాడను గనుక, పాతగట్టును తీసివేయుటకై క్రొత్తగా ఋణపడుటకు నా మనస్సు ఒప్పలేదు. మా ప్రాంతమున నూటికి రెండు రూపాయల వడ్డీ యన్నచో తేలికగానే వినిపించును. అది నెలకు రెండు, అనగా ఏడాదికి ఇరువదినాలుగు. నాకప్పటికే రిజిస్టరు చీటీ యొకటి నడచుచుండెను: నెలకు 6,000 చొప్పున 25 నెలలు, మొత్తము 1,50,000. తొలినెలలలో పాట హోరాహోరీగా సాగి, అవసరము మీదనున్నవారు నలుబదివేలవరకు తగ్గించుకొని తీసికొనిపోయిరి. నేను పాట చల్లబడువరకు ఓపికపట్టి, 16,500 తగ్గింపునకు పాడుకొంటిని. అందులో నిర్వాహకుని కమీషను 10,500. చీటీల చట్టము 2019లో సవరింపబడినది మొదలు ఇది నూటికి ఏడువరకు ఉండవచ్చును, అంతకుముందు అయిదే. మిగిలిన 6,000 సభ్యులందరికిని తలకు 240 చొప్పున పంచబడినది. నాచేతికి వచ్చినది 1,33,500. అదే మా వంటింటి హద్దు అని ఇద్దరమును కూర్చుండి నిశ్చయించుకొంటిమి. ఇదే మొత్తమును రెండు రూపాయల వడ్డీకి తెచ్చియుండినచో నెలకు 2,670 వడ్డీయే కట్టవలసివచ్చెడిది.

హద్దు ఏర్పడిన పిమ్మట ఏది ముందు, ఏది వెనుక అను ప్రశ్న మిగిలినది. గోడ పగులగొట్టనిదే మరల మార్చుటకు వీలుకానిది ఏదో దానికి ముందు ఖర్చుపెట్టవలెననియు, మరలు విప్పి మార్చదగినది ఎంత అందమైనదైనను చివరకు నిలువవలెననియు నేను పట్టుపట్టితిని. కావున తలుపులు, సొరుగులు వెనుకబడినవి. తీగలు, గొట్టములు, మురుగునీటి వాటము ముందుకు వచ్చినవి. గ్రైండరునకు, ఫ్రిజ్జునకు, విద్యుత్పొయ్యికి వేర్వేరు 16 ఆంపియర్ల ప్లగ్గులు, వానికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, సరియైన ఎర్తింగు, తడిచేతికి షాకు తగిలిన క్షణమున విద్యుత్తును ఆపివేయు 30 మిల్లీ ఆంపియర్ల రక్షణస్విచ్చి, వీనికి నీటిగొట్టములతో గూడ 36,000 అయినది. చుట్టములెవ్వరును వచ్చి మెచ్చుకొనని ఖర్చు ఇది. నాకు అన్నిటికంటె తృప్తినిచ్చినదియు నిదియే.

విజయనగరపు సిరిమానోత్సవము గడచిన పిమ్మట పని ఆరంభమైనది. ఉత్సవమునకు ముందు మేస్త్రులు దొరకరు. పొయ్యివెనుక గోడను గీకుచుండగా, పైన తెల్లసున్నము, దానిక్రింద నీలిమందు కలిపిన సున్నము, దాని యడుగున వ్రేలిమందమున జిడ్డుపట్టిన మసి బయటపడెను. మేస్త్రి తాపీతో ఒక పెచ్చును లేపి నాకు చూపించి, "మేస్టారూ, దీన్మీద రంగేస్తే మళ్లీ నల్లగా పైకొచ్చేస్తాది. టైలు కూడా పట్టుకోదు. గచ్చు మొత్తం తీసేయాల, ఇంక వేరే దారేటి లేదు" అనెను. అతడు చెప్పినది సత్యము. అట్టి యవసరమునకై వేరుగా ఉంచిన 22,500లో 13,000 ఆ గోడయే తీసికొన్నది. పాతయింటి పనికి పూనుకొనువారు అంచనాలో ఆరవవంతునైనను ఏ పద్దునకును చేర్చక విడిగా ఉంచుకొనుట నా దృష్టిలో తప్పనిసరి.

గట్టు ఎత్తు విషయమున నా జోక్యమే లేదు. మేస్త్రి అలవాటుచొప్పున 34 అంగుళములని గీత గీయగా, మా యింటావిడ, "వండేది నేను. మోచేతి కింద ఎంతుండాలో నన్నడగండి" అని, తాను నిలిచి, పిండి పిసుకునట్లు చేతులు కదలించి, 31 అంగుళములకు గీత దింపించెను. ఇట్లు వండువారి దేహమును, అడుగులను కొలిచి వంటిల్లు రచించుట ఐరోపాలో 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున ప్రసిద్ధికెక్కినది. శ్రామికుల యిండ్లకై మార్గరెటె షూట్టె లిహోట్స్కీ అను మహిళా వాస్తుశిల్పి రూపొందించిన ఆ వంటిల్లు వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు మాత్రమే. మా గదియు దాదాపు అంతే. అట్టివి పదివేలవరకు నిర్మించిరి. చిన్నగదియని మేము పడిన సంకోచము ఆ కొలతలు తెలిసినతోడనే నాకు తీరిపోయినది. గట్టు దించుటకు మేస్త్రి అదనముగా ఒక్క రూపాయియైనను అడుగలేదు. ఈ పనియంతటిలో నిత్యసుఖము నిచ్చు మార్పు అదియే.

రాతి యెంపికలో కొంత మిగిలినది. గట్టుమీదికి కడపరాయి చౌక. కాని అది సున్నపురాయి జాతి గనుక చింతపండు పులుసు, నిమ్మరసము ఒలికినచోట మెరుపుపోయి మచ్చ తేలును. పులుసు లేని పూట అరుదైన మా యింటికి గ్రానైటే తగినది. టెక్కలి ప్రాంతపు నీలిగ్రానైటు విదేశములకు ఎగుమతియగునంతటి మేలైన రాయి. నిండుపలక కొనుటకు మా హద్దు చాలదు. విజయనగరమున రాతికోత యార్డులో పెద్దయిండ్లకు కోయగా మిగిలిన ముక్కలను తక్కువధరకు ఇత్తురు. రెండు ముక్కల అతుకు పొయ్యిక్రిందికి గాక, సింకునకు దూరముగా గోడవైపునకు వచ్చునట్లు కోయించితిమి. క్రింది అరలకు మాత్రము కడపపలకలే వేయించితిమి. వానికి చెదపురుగు భయము లేదు, వానకాలపు చెమ్మకు ఉబ్బుటయు లేదు.

చివరకు 9,500 మిగిలినది. వడ్రంగి గట్టుక్రింద అన్నిటికిని చౌకరకపు పొట్టుబల్లతో తలుపులు బిగింతునని చెప్పగా, నేను వలదని, ఐ.ఎస్. 710 ముద్రగల మెరైన్ ప్లైవుడ్‌తో సింకుక్రింది యరకును, సిలిండరు అరకును మాత్రమే తలుపులు చేయించితిని. సిలిండరు తలుపునకు నేలనానుకొని కంతలు పెట్టుట అందము చెరచునని అతడు కొంత వాదించెను. వంటగ్యాసు గాలికంటె బరువైనది; కారినచో పైకి పోక నేలవెంట పేరుకొనును. కంతలు పెట్టించితిని, సురక్షా గొట్టము అయిదేండ్లకు మార్చవలసినది గనుక, ఆ గడువు సంవత్సరమును తలుపు లోపలివైపున వ్రాయించితిని. పాత పొగకంతలో ఎగ్జాస్టు ఫ్యాను సరిగా అమరినది, చిమ్నీ కొనలేదు. మిగిలిన యరలకు ప్రస్తుతము తెరలు వ్రేలాడుచున్నవి. పాతచీటీ కంతులు పూర్తియగువరకు క్రొత్తదానిలో చేరరాదని అనుకొంటిమి. ఆ పిమ్మట నెలకు 2,000 చొప్పున చిన్నచీటీ యొకటి వేసి, దానితో ఆ తలుపులును చేయింతుము.