అడ్వాన్సు మన డబ్బు కాదు

పెనుకొండలో మా ఇంటి పై పోర్షను ఈ నెల ఖాళీ అవుతోంది. కియా కార్ల కంపెనీకి విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో పనిచేసే అబ్బాయి, అతని భార్య, చిన్నపాప ఉండేవాళ్లు. ఏ నెలా బాడుగ ఆలస్యం చేయలేదు. నిన్న మా తమ్ముడు ఫోన్లో, "పెయింటు కింద ఒక నెల బాడుగ అడ్వాన్సులో పట్టుకుంటాండా అన్నా. ఊర్లో అందరూ చేసేదే కదా" అన్నాడు. నాకింకా కోపం దిగలేదు.

అదే వారం నేను మా పై పోర్షనువాళ్లకు, వాళ్ల అడ్వాన్సు మీద వచ్చిన వడ్డీకి చెక్కు రాసిచ్చాను. మేముండేది అమెరికాలో, మాసచూసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్‌లో. రెండు పోర్షన్ల చెక్క ఇల్లు, మేం కొన్న మొదటి ఇల్లు. కింద మేము, పైన ఘనా దేశం నుంచి వచ్చిన కుటుంబం. ఓనరు అందులోనే కాపురముంటే, ప్రభుత్వ హామీ ఉండే ఎఫ్‌హెచ్‌ఏ లోనుకు ఇంటి ధరలో 3.5 శాతం చేతినుంచి పెట్టుకుంటే చాలు. కనీసం ఏడాది అక్కడే ఉండాలి. మా నెల కంతులో పెద్ద భాగం పై బాడుగతోనే తీరుతుంది. ఈ ఊళ్లో ఇది పాత దారే. 19వ శతాబ్దం చివర్లో మిల్లు పనులకు వచ్చిన వలస కుటుంబాలు మూడంతస్తుల చెక్క ఇళ్లు కొని, ఒక అంతస్తులో తాముండి, మిగతావి బాడుగకిచ్చి అప్పు తీర్చుకున్నాయి.

ఇంట్లోనే ఉండే ఓనరుకు చాకిరీ తప్పదు. సెప్టెంబరు 15 నుంచి మే 31 దాకా పై పోర్షనులో పగలు 68, రాత్రి 64 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తగ్గకుండా వేడి ఉండాలి. బేస్‌మెంటులో బాయిలర్ అర్ధరాత్రి ఆగిపోతే అప్పుడే లేవాలి. మెట్ల మీద మంచు తీయాలి. 1978కి ముందు కట్టిన ఇంట్లో ఆరేళ్లలోపు పిల్లలుంటే పాత పెయింటులోని సీసం సంగతి చూడాలి. ఇవన్నీ చేస్తాను. అయితే నా మనసును కట్టిపడేసింది మాత్రం ఇక్కడి అడ్వాన్సు చట్టం.

ఒక నెల బాడుగకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. దాన్ని ఓనరు సొంత డబ్బుతో కలపకుండా, రాష్ట్రంలోని బ్యాంకులో వడ్డీ వచ్చే ఖాతాలో విడిగా వేయాలి. ఓనరు దివాలా తీసినా అప్పులవాళ్లు దాన్ని ముట్టలేరు. ఏ బ్యాంకులో వేశామో 30 రోజుల్లో రసీదు ఇవ్వాలి. ఏటా వడ్డీ చెల్లించాలి. చేరినప్పుడే గోడల పగుళ్లు, మరకలు అన్నీ రాసి సంతకం చేసివ్వాలి. ఖాళీ చేశాక 30 రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి. ఏమైనా పట్టుకుంటే దేనికెంతో లెక్క చూపాలి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు పైసా పట్టుకోకూడదు. విడి ఖాతాలో వేయకపోయినా, గడువులో తిరిగివ్వకపోయినా కోర్టు మూడింతలు కట్టిస్తుంది. అదే ఇంట్లో ఉండే ఓనరుకూ మినహాయింపు లేదు. వడ్డీ కొద్దిపాటిదే. కానీ ఆ చెక్కు రాసిన ప్రతిసారీ ఆ డబ్బు వాళ్లదని, నా దగ్గర ఊరికే దాచుకున్నారని గుర్తొస్తుంది.

మన ఊళ్లను తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు గిట్టదు. పెనుకొండ ఇంట్లో ఆ పాప పుట్టినప్పుడు, వాళ్ల పెద్దవాళ్లు వచ్చేదాకా బాలింతకు పథ్యం వండిపెట్టింది మా అమ్మ. బోరు ఎండిన వేసవిలో, ట్యాంకరు రాని రోజున మా సంపులో నీళ్లు వాళ్లకూ పంచింది. హిందూపురంలో నేను చదువుకునే రోజుల్లో మా ఓనరమ్మ పరీక్షలప్పుడు పొద్దున్నే ఉగ్గాని పంపేది. ఇక్కడ చెక్క ఇల్లు కాబట్టి పైవాళ్ల ప్రతి అడుగూ వినిపిస్తుంది గానీ, ఒకరింట్లో ఒకరు భోంచేయడానికి చాలా కాలం పట్టింది. ఆప్యాయతలో మనవాళ్లకు సాటి లేదు. అయితే లెక్క దగ్గర ఆ ఆప్యాయతే అడ్డమొస్తుంది. పథ్యం వండిపెట్టిన ఇంటివాళ్లను పెయింటు బిల్లు చూపించమని అడగడానికి ఆ అబ్బాయికి నోరెట్లా వస్తుంది?

ధర్మవరంలో మా మేనమామకూ అట్లాగే నోరు రాలేదు. బాడుగ ఇంటి ముందు గదిలో గుంత తీసి పట్టు మగ్గం నిలిపాడు. వెనక భాగంలో ఓనరు కాపురం. వానలకు గుంతలో నీళ్లూరితే ఓనరు కూడా దిగి బకెట్లతో తోడేవాడు. పని ఆగిన వారాల్లో బాడుగకు తొందరపెట్టేవాడు కాదు. అంత మంచి మనిషి, మామ ఇల్లు మారేటప్పుడు గుంత పూడ్చి బండలు పరిపించాలని అడ్వాన్సు మొత్తం పట్టుకున్నాడు. ఆ తర్వాత చేరినవాళ్లూ నేతగాళ్లే. గుంత పూడ్చనే లేదు, వాళ్లు అందులోనే మగ్గం దించుకున్నారు. సంగతి తెలిసీ మామ వెళ్లలేదు. "అంత సాయం చేసిన మనిషిని యాడ అడుగుదుము రా" అన్నాడు. ఆ నెల మగ్గానికి రేషం (పట్టుదారం) అప్పు మీద తెచ్చుకున్నాడు. మాసచూసెట్స్ చట్టం రాసినవాళ్లకు మగ్గం గుంత అంటే తెలిసి ఉండదు. అయినా లెక్క చూపాలన్న ఆ ఒక్క నియమం ధర్మవరంలో ఉండుంటే మామ డబ్బు మామకు వచ్చేది.

కేంద్రం 2021లో ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్, కాపురముండే ఇళ్లకు రెండు నెలల బాడుగకు మించి అడ్వాన్సు వద్దంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తెచ్చుకుంటేనే అమలవుతుంది. మా తమ్ముడు మూడు నెలలది తీసుకున్నాడు. 2017లో కియా ఒప్పందం కుదిరి, 2019లో కార్లు బయటికొచ్చేసరికి పెనుకొండ చుట్టుపక్కల బాడుగలు ఎగబాకాయి. వాటితోపాటే అడ్వాన్సులూ పెరిగాయి. పని కోసం ఊరుగాని ఊరొచ్చిన పిల్లలకు అది చాలా పెద్ద డబ్బు.

అడ్వాన్సు మొత్తం ఇచ్చేయమని తమ్ముడికి చెప్పాను. హిందూపురంలో, ధర్మవరంలో ఇళ్లు బాడుగకిచ్చి అమెరికాలో ఉంటున్న మనవాళ్లందరినీ ఇదే అడుగుతున్నాను. చేరిన రోజే ఇల్లంతా ఫొటోలు తీసి వాళ్లకూ పంపండి. అడ్వాన్సును విడి ఖాతాలో వేయండి. సున్నం, పెయింటు ఓనరు ఖర్చు. నిజంగా ఏదైనా పగిలితే బిల్లు చూపించి అంతే పట్టుకోండి. వచ్చిన కొత్తలో మనమూ ఇక్కడ బాడుగకున్నవాళ్లమే. మన డిపాజిట్‌లో కోత పెడితే లెక్క అడిగే హక్కు ఇక్కడి చట్టం మనకిచ్చింది. ఆ హక్కును మనింట్లో బాడుగకున్నవాళ్లకు ఇవ్వడానికి ఏ ప్రభుత్వ అనుమతీ అక్కర్లేదు.