ఆరాబారి ఒడంబడిక

ఛోటానాగపూర్ పీఠభూమిపై పురూలియా జిల్లాలో జన్మించి, బాంకుడా జిల్లాలో ముకుట్‌మణిపూర్ ఆనకట్టకడ ఒకింత నిలిచి, మేదినీపుర నగరమునకును మా ఖరగ్‌పూరునకును నడుమ ఇసుకతిన్నెల ప్రక్కగా సాగి, దిగువను కేలేఘాయితో కలసి హల్దీనదియై హుగ్లీలో లీనమగు కంసావతిని ఇక్కడివారు కాంసాయి యందురు. రైల్వే క్వార్టర్ల కుళాయిలలో వచ్చునది ఈ నీరే. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున వచ్చి వర్క్‌షాపులో కుదిరిన మా తాతలనాటినుండి, మథురాకాటిలోను, నీంపురాలోను, గోల్‌బజారులోను కాపురమున్న తెలుగువారు నాగావళిని, వంశధారను తలచుకొనుచు త్రాగినదియు ఈ నీరే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము తెలుగునకు అధికారభాషగా గుర్తింపు నొసంగ నిశ్చయించినపుడు మావాడలలో జరిగిన సంబరము న్యాయమైనదే. ఐనను ఈ నేలనుండి మేము పుచ్చుకొన్నవాని జాబితాలో నీరును, కలపయు భాషకంటె ముందే యున్నవనియు, ఆ బాకీ నేటికిని తీరలేదనియు నా మనసున చిరకాలముగా మెదలుచున్నది.

ఆ బాకీ రైలుతోడనే పుట్టినది. పందొమ్మిదవ శతాబ్ది చివరి యేండ్లలో ఇనుపదారి ఇటు వచ్చుసరికి పడమటి మేదినీపురము, ఝార్‌గ్రామ్, బాంకుడాల ఎఱ్ఱరాతి నేలలపై సాలవృక్షములు దట్టముగా నుండెడివి. మనవైపు వానినే గుగ్గిలపుమాను లందురు. ఒరిస్సా కొండలమీదుగా శ్రీకాకుళము, విశాఖ మన్యములవరకును వ్యాపించిన జాతియే అది. పట్టాలక్రింద పరచు స్లీపర్లకు సాలకలపను మించినది ఈ ప్రాంతమున లేకపోవుటచేతను, నరికిన మ్రానులను దూరదేశములకు మోసికొనిపోవుటకు ఆ రైలే సాధన మగుటచేతను, జమీందారులు అడవులను గుత్తకిచ్చిరి, గుత్తదారులు నరికిరి. 1953లో జమీందారీల రద్దునకు చట్టము వచ్చి అడవులు ప్రభుత్వపరమైనను, నరకుట ఆగలేదు. మా తాతలు గొడ్డలి పట్టినవారు కారు. కాని వారికి జీతమిచ్చిన రైలు ఆ కలపమీదుగనే నడచినది.

మేదినీపురమునకు ఉత్తరముగా, శాల్బనీ దాటి చంద్రకోణా రోడ్డు వైపు పోవు బాటలో ఆరాబారి యను అటవీప్రదేశము కలదు. 1971–72 ప్రాంతమున అజిత్ కుమార్ బెనర్జీ యను అటవీశాఖాధికారి, అక్కడి 1,272 హెక్టార్ల క్షీణించిన సాలవనమును గూర్చి చుట్టునున్న 11 గ్రామములలోని 618 కుటుంబములతో ఒక ఒడంబడికకు వచ్చెను. ఆ కుటుంబములవారు అంతవరకును అడవిలో పుల్లలు నరికి, తలమోపులుగా మోసికొనిపోయి అమ్మి పొట్టపోసికొనువారు. దొంగలని వారిని తరిమినకొలదిని అడవి తరుగుచుండెనే కాని నిలువలేదు. ఆ కట్టెల రాబడికి బదులుగా అడవిపనులలోనే కూలి దొరకునట్లును, ఎండుకట్టెలు, ఆకులు, పుట్టగొడుగులు వంటివి వారే అనుభవించునట్లును, పెరిగిన చెట్లు అమ్మినపుడు నికరాదాయములో 25 శాతము వారికే చెందునట్లును, అందులకు ప్రతిగా అడవిని వారే కాయునట్లును మాట కుదిరినది. తుపాకీ పట్టిన గార్డులు చేయలేని పనిని ఆ మాట చేసినది. 1983 నాటికి ఆ వనము విలువను 12.5 కోట్ల రూపాయలుగా అంచనా వేసిరి. 1989లో రాష్ట్రప్రభుత్వమును, 1990 జూన్ 1న కేంద్రప్రభుత్వమును ఈ పద్ధతిని అంగీకరించి ఉత్తర్వులు వెలువరించినవి. 1992లో ఆంధ్రప్రదేశ్ సైతము అదే మార్గమున అడుగిడుటచేత, మన పల్లెలలో వన సంరక్షణ సమితులు వెలసినవి. పాడేరు, సీతంపేటల గిరిజనులు ఎఱిగిన ఆ సమితులకు మూలము మా ఖరగ్‌పూరునకు ఇంత చేరువలో నున్నదని మావాడలలో ఎఱిగినవారు అరుదు.

నేను ఆరాబారి వనమునకు పోయినపుడు నన్ను అన్నిటికంటె ఆపినది చెట్లుకాదు, మోడులు. నరికిన సాలపు మోడు చుట్టును, నేలకు జానెడెత్తున, రాగిరంగు లేతాకులతో చిగుళ్లు గుంపుగా లేచియుండును. వానిలో బలమైన ఒకటి రెంటిని మిగిల్చి తక్కినవానిని తీసివేసినచో, పదేండ్లలో అవి నిలువెత్తు మ్రానులగును. సాలపు గింజ వానల తొలిరోజులలో రాలి, ఇంచుమించు వారముదినములలోనే మొలకెత్తుశక్తిని కోల్పోవును గావున, నర్సరీలో పెంచి సంచులలో పంచిపెట్టుటకు అది లొంగదు. దానికి కావలసినది నేలలోని వేరు చావకుండుటయు, పైన గొడ్డలి, నిప్పు, పశువు కొంతకాలము తొలగుటయు. వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మా పెదనాన్న, నేను ఈ సంగతి చెప్పగా విని, "ఒరే నాయనా, గుగ్గిలం మానుని నాటినోడెవుడ్రా? మనం నరకడం మానేత్తే అదే లెగిసొత్తాది" అని తేల్చివేసెను. సీతంపేట కొండలక్రింద పుట్టినవాడు గావున ఆయనకు అది క్రొత్తమాట కాదు.

అడవి యంచున ఒక ఇంటి అరుగుమీద ఒక సంతాల్ ఇల్లాలు సాలపుటాకులు విస్తళ్లుగా కుట్టుచుండెను. ఈనె దిశ ఒక్కలాగున ఉండునట్లు ఆకులను గుండ్రముగా పేర్చి, సన్నని పుల్లను గ్రుచ్చి, మిగిలిన కొనను వ్రేలితో త్రుంచి, చూచుచుండగనే ఒక విస్తరి ముగించి ప్రక్కన పెట్టుచుండెను. మా వాడలలో అమ్మవారి పూజలనాడు భోజనము వడ్డించు విస్తళ్లు ఇట్టివే. అడవి నిలిచినందువలన ఆ యింటికి వచ్చు రాబడిలో కలప వాటాకంటె ఈ యాకుల పాలే నిత్యమైనది. కలప ఏండ్లకొకమారు తెగును, ఆకు ఏటేటను వచ్చును.

అంతయు మేలే యని చెప్పుట సత్యము కాదు. ఇదే జిల్లాలో ఎఱ్ఱనేలల మీద సాలమునకు బదులు యూకలిప్టస్, ఆకాశ్‌మణి యను తుమ్మజాతి చెట్ల తోటలు వేసిన తావులు అనేకములున్నవి. వాని నీడలో ఆకుకుట్టువారికిని, పుట్టగొడుగు లేరువారికిని పని లేదు. అడవి తిరిగి చిక్కనైనకొలదిని 1980ల చివరినుండి ఝార్ఖండ్‌లోని దల్మా కొండల ఏనుగుల మందలు కాంసాయి దాటి ఇటు వచ్చుట పెరిగి, వరిచేలు త్రొక్కబడినవి, మనుష్యులు మరణించిరి; ఝార్‌గ్రామ్ మార్గమున రైళ్లక్రింద ఏనుగులు కూడ మరణించినవి. అడవిని కాచిన పల్లెవారే ఆ నష్టమును మోయుచున్నారు. ఆ భారములో పట్టణమునకును పాలుండవలెనని నా అభిప్రాయము.

మొక్క నాటుటకంటె ముందు, ఉన్న వేరు బ్రదుకునట్లు అక్కడి మనుష్యులతో మాట కుదుర్చుకొనవలెనను ఈ సూత్రము నీటియొడ్డున చెల్లునా యని అడుగువారికి కోరింగను చూపుదును. గోదావరి ముఖద్వారమున మడచెట్లను ఒక్కపెట్టున నరికినచోట నేల ఎండి క్రుంగి పళ్లెమువలె పల్లమగుటచేత, పోటున వచ్చిన నీరు పాటున వెనుకకు పోలేక నిలిచి, ఎండకు ఇగిరి, మొక్కకు గిట్టనంత ఉప్పన యయ్యెను. 1990లలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారును, అటవీశాఖవారును, తీరగ్రామముల మత్స్యకారులును కలసి, చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వి పోటునీటికి రాకపోకలు కల్పించిరి. మడ తిరిగి లేచినది. అక్కడను మొక్కకంటె ముందు నీటికి దారి దొరకినది, ఆ కాలువల పూడిక తీయుటకు గ్రామమునకు ఒక కారణము దొరకినది.

ఇక మా కాంసాయి. గిరిమైదాన్, గోకుల్‌పూర్ దాటి రైలు వంతెన యెక్కినపుడు క్రిందికి చూచువారికి, శరత్కాలమున రెల్లు తెల్లగా పూచిన తిన్నెలును, ట్రాక్టర్లు ఇసుక తోడిన గుంటలును ప్రక్కప్రక్కనే కనబడును. మేదినీపురముకడ ఈ ఏటికి అడ్డముగా పందొమ్మిదవ శతాబ్దిలో కట్టిన ఆనకట్టయు, దాని కాలువయు, మన ధవళేశ్వరపు కాటన్ దొర ఒరిస్సా డెల్టాకు చేసిన సూచనలతో మొదలైన నీటిపారుదల కంపెనీ పథకములోనివే యని తెలిసినపుడు నాకు ఈ యేరు మఱింత ఆత్మీయమైనది. గట్టుమట్టిలో బొరియ తొలిచి గూడుపెట్టు లకుముకిపిట్టకును, వట్టి ఇసుకపై గ్రుడ్లు విడుచు తీతువునకును కావలసినది చదునుచేసి సిమెంటు పలకలు పరచిన ఒడ్డు కాదు. ప్రతి ఆషాఢమునను ఉత్సాహవంతులు గట్టున పూలమొక్కలు నాటి ఫొటోలు దిగుదురు; కార్తికమునకు వానిలో నిలిచినవి కనబడవు. ఆ గట్టుననే ఏరుమద్ది, నేరేడు, కానుగ మొలకలు తమంతతాము లేచుచుండగా మేకలు మేసిపోవుచున్నవి.

అమ్మవారి పూజకు ఇంటింట చందా పోగుచేయగల మా సంఘములు, రానున్న వానలకు ముందుగా, గట్టున కూరగాయలు పండించువారితోను, రెల్లు కోసి ఇండ్లు కప్పుకొనువారితోను, మేకల కాపరులతోను ఒకమారు కూర్చొనవలెనని నేను పెద్దలను అడుగుచున్నాను. ఏ మేర మేతకు, ఏ మేర రెల్లు కోతకు, ఏ మేర కొన్ని వర్షఋతువులపాటు ఎవరును ముట్టక విడుచుటకు, అట్లు విడిచినవారికి కలుగు నష్టమును నీరు త్రాగు పట్టణము ఏ విధముగా పూరించుటకు అన్న లెక్కలు మొదట తేలవలెను. మొక్కలు ఎవరు తెత్తురన్న ప్రస్తావన ఆ తరువాత రావచ్చును.