ఆ పిల్ల మీకేమవుతుంది?

వేసవి సెలవులొస్తే మనందరి ఇళ్లలో ఒకటే గొడవ కదండీ! పిల్లలు ఎక్కడికైనా వెళ్దామంటారు, ఆయనగారికి సెలవు దొరకదు, చివరికి అమ్మమ్మగారి ఊరితో సరిపెట్టేస్తాం. ఇరవై మూడేళ్ల కాపురంలో నేను సముద్రం చూసింది రెండంటే రెండుసార్లు. మూడోసారి 2025 ఏప్రిల్ నెలాఖరులో చూశాను. చూసొచ్చిన దగ్గర్నుంచి ఆ ప్రయాణం సంగతి ఎవరితోనైనా చెప్పుకోవాలని ఒకటే ఇది. పక్కింటావిడతో చెప్పలేను, మావారితో సగమే చెప్పాను. అందుకే మీతో.

మా అక్క కూతురు, దాని స్నేహితురాలు కారులో సముద్రపుటొడ్డు ఊళ్లు చూడ్డానికి బయల్దేరారు. స్నేహితురాలు అని రాసేశానా, చిక్కంతా అక్కడే ఉంది. పేర్లు రాయనని మాటిచ్చాను కాబట్టి మా పిల్ల, ఆ పిల్ల అంటాను, మీరే అర్థం చేసుకోండి. షికాగోలో చదువుకునేటప్పుడు పరిచయమయ్యారు. 2021లో తిరిగొచ్చి ఇక్కడే ఉద్యోగాలు చూసుకున్నారు. మొత్తం ఏడేళ్లుగా ఒకే ఇంట్లో, ఒకే వంటతో, మనం మన ఇళ్లలో ఎలా కాపురం చేస్తున్నామో అలాగే ఉంటున్నారు. ఇది చదివి మీలో కొందరు పేజీ తిప్పేస్తారేమో. తిప్పకండి. ఇలాంటి సంగతి టీవీలో వస్తే నేనూ ఛానల్ మార్చినదాన్నే.

నాకెప్పుడు తెలిసిందంటే, 2023 అక్టోబరు 17న. మంగళవారం. మా కర్మన్‌ఘాట్‌లో మంగళవారమంటే ఆంజనేయస్వామి గుడి దగ్గర జనం కిటకిటలాడుతుంటారు. పైగా బతుకమ్మ రోజులు, ఆ రోజు నానబియ్యం. బియ్యం వడకట్టి బెల్లం తురుముతున్నాను. మా పిల్ల పొద్దున్నే ఊడిపడి, టీవీ ముందు కూర్చుని కదలదు. సుప్రీంకోర్టులో తీర్పు వస్తోంది. ఇద్దరు మగవాళ్లు గానీ ఇద్దరు ఆడవాళ్లు గానీ పెళ్లి చేసుకుంటే చట్టం ఒప్పుకోవాలని వేసిన కేసు. వేసినవాళ్లలో ముందు పేర్లు మన హైదరాబాదు జంటవే, సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అని. వాళ్లు 2021 డిసెంబరులో వికారాబాదు దగ్గర పెద్దల ఎదుట వేడుక చేసుకుంటే పేపర్లో ఫొటోలు వచ్చాయి, మీకు గుర్తుండే ఉంటుంది. ఇలా కలిసి ఉండటం నేరం కాదని 2018 సెప్టెంబరు 6నే సుప్రీంకోర్టు చెప్పేసింది. పెళ్లి సంగతికి వచ్చేసరికి మాత్రం అయిదుగురు జడ్జీలూ ఆ హక్కు ఉందని చెప్పలేమన్నారు, చట్టం చెయ్యాలో వద్దో పార్లమెంటు చూసుకోవాలన్నారు. మా పిల్ల టీవీ కట్టేసి, వంటింట్లోకొచ్చి, నా చేతిలో బెల్లం ముక్క లాక్కుని తురమడం మొదలుపెట్టింది. తురుముతూ ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. నేను "సరేలే, ముందు చేతులు కడుక్కో" అన్నాను. అంతకన్నా ఏమనాలో నాకు తోచలేదు.

ఏప్రిల్లో మా అక్క నల్గొండ నుంచి ఫోన్ చేసింది. "ఆడపిల్లలు ఇద్దరే అంతదూరం వెళ్తామంటున్నారు, నువ్వు తోడు వెళ్లవే" అని. అక్కకి ఏం తెలుసో ఏం తెలీదో నేను అడగలేదు, తను చెప్పలేదు. తెలిసినా తెలీనట్టుండటం మా ఇద్దరికీ మా అమ్మ దగ్గర్నుంచి వచ్చిన విద్య. పిల్లలు సంతోషంగా రమ్మన్నారు. సరే, నాకూ సముద్రం చూడాలనుంది!

ఎండాకాలం కారు ప్రయాణమంటే తిండి జాగ్రత్త. నేను పులిహోరకి చింతపండు గుజ్జు నూనె తేలేదాకా ఉడికించి సీసాలో పోసుకున్నాను. ఎక్కడైనా వేడన్నం దొరికితే కలుపుకోవడమే, కలిపి తీసుకెళ్తే రెండోపూటకి పాడవుతుంది. పెరుగన్నం పెట్టుకునేవాళ్లకి చిన్న చిట్కా: మెత్తని అన్నంలో పెరుగు కాకుండా కాచి చల్లార్చిన పాలు పోసి, చెంచాడు పెరుగు మాత్రం కలపండి. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది, పులవదు. నిమ్మకాయలు, ఉప్పు, పంచదార విడిగా. ఇవన్నీ చూసి ఆ పిల్ల, "ఆంటీ, మనం నాలుగు రోజులకే వెళ్తున్నాం" అంది. ఆంటీ అనే పిలిచేది. ఆ పిలుపు గుర్తుంచుకోండి.

తెల్లవారుజామున గుడి ముందు కారాపి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించాను. ఔరంగజేబు మనుషులు ఈ గుడి కూలగొట్టడానికొచ్చి లోపల అడుగుపెట్టలేకపోయారనీ, అప్పుడు "కర్ మన్ ఘట్", అంటే మనసు గట్టి చేసుకో అనే మాట వినిపించిందనీ, దాంతో మా ఊరికి ఆ పేరు వచ్చిందనీ చెప్పుకుంటారు. పిల్లలకి ఆ కథ చెప్పాను. చెప్పిన నేనే సాయంత్రానికి మర్చిపోయాను.

ఎల్బీనగర్, హయత్‌నగర్, చౌటుప్పల్ దాటి నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి రోడ్డు పట్టుకున్నాం. దారిలోనే నల్గొండ. "పోతూ ఆగితే ఎండెక్కుతుంది, వచ్చేటప్పుడు దిగుదాం" అంది మా పిల్ల. నేనూ సరేనన్నాను. వాడపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే, ఆ పిల్ల సంచిలోంచి బ్యాంకు పాస్‌బుక్కు తీసి చూపించింది. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థికశాఖ చెప్పిందట, ఇలాంటి జంటలు ఉమ్మడి ఖాతా తెరుచుకోవచ్చు, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చు, అడ్డేమీ లేదని. ఆ పక్క నెలలోనే రేషను కార్డుకి కూడా వీళ్లని ఒకే ఇంటివాళ్లుగా చూడమని చెప్పారట. పాస్‌బుక్కు మీద రెండు పేర్లు పక్కపక్కన ఉన్నాయి. మనం పెళ్లి ఫొటో ఎంత అపురూపంగా చూపిస్తామో అలా చూపించింది. బాగుందమ్మా అన్నాను.

పిడుగురాళ్ల, చిలకలూరిపేట మీదుగా చీరాల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. చీరాల వెళ్లి చీరలు చూడకుండా ఎవరొస్తారు! మా అక్కకని ఆ పిల్ల నేత చీర ఏరింది. నెమలికంఠం రంగు, సన్న అంచు. పెద్దవాళ్లకి బరువు లేని చీర చూసి తీసుకోవడం దానికెవరు నేర్పారో. సాయంత్రం ఓడరేవులో కాళ్లు తడుపుకుని, ఆ దగ్గర్లోనే ఒక లాడ్జికి వెళ్లాం.

అసలు సంగతి అక్కడ జరిగింది. కౌంటరు దగ్గర కుర్రాడు కార్డులు తీసుకుని, రిజిస్టరు తెరిచి, "ఏమవుతారండీ?" అన్నాడు. పాపం, అందులో కల్లాకపటం ఏమీ లేదు. పుస్తకంలో గడి ఉంది, నింపాలి. ఫ్రెండ్స్ అంటే అదే రాసుకునేవాడు. మా పిల్ల నోరు తెరవబోతోంది. నేను ఒక్క అంగలో ముందుకెళ్లి, "అక్కాచెల్లెళ్లు బాబూ, నేను వాళ్ల పిన్నిని" అన్నాను. అంతటితో ఊరుకున్నానా! "పెద్దదానిది తల్లి పోలిక, చిన్నదానిది తండ్రి పోలిక" అని కూడా కలిపాను. ఎవరడిగారు చెప్పండి? కుర్రాడు రెండు కార్డుల మీద రెండు ఇంటిపేర్లు చూసి, నా మొహం చూసి, తాళాలు ఇచ్చాడు.

ఆ రాత్రి ఆ పిల్ల పులిహోర ముట్టలేదు. "ఆకలిగా లేదాంటీ" అని పక్కకి తిరిగి పడుకుంది. మా పిల్ల నన్ను వరండాలోకి పిలిచింది. కోప్పడితే బాగుండేది. మెల్లగా అంది: "ఇల్లు అద్దెకడిగినప్పుడు అక్కాచెల్లెళ్లమన్నాం పిన్నీ. దానికి ఆపరేషనయినప్పుడు కాగితం మీద సంతకం పెట్టడానికి కూడా అదే చెప్పాను. నువ్వు వెంట ఉంటే ఈ నాలుగు రోజులైనా ఆ మాట చెప్పే పని ఉండదనుకున్నాం."

నాకు నిద్ర పట్టలేదు. నేను దేనికి భయపడ్డానో లెక్కేసుకున్నాను. ఆ కుర్రాడు నాకు మళ్లీ కనిపించడు. ఆ ఊళ్లో నన్నెవరూ ఎరగరు. అయినా నోరు అలా పరిగెత్తింది. మన భాషలో ప్రతి మనిషికీ ఒక వరస ఉంటుంది కదండీ! పాలవాణ్ణి బాబాయ్ అంటాం, కూరగాయలమ్మిని అక్కా అంటాం. ఈ పిల్ల నాకేమవుతుంది? మా అక్క కూతురు మగవాణ్ణి కట్టుకుంటే అతను నాకు అల్లుడు. మా అక్క కొడుకు కట్టుకొస్తే కోడలు. దీన్ని ఏమనాలి? ఎంత వెతికినా మాట దొరకలేదు. దొరక్కపోతే ఊరుకోవచ్చు కదా, లేని వరస ఒకటి అంటగట్టాను.

మర్నాడు బాపట్ల దగ్గర సూర్యలంకలో తెల్లవారింది. ఒడ్డు విశాలంగా ఉంటుంది, అలలు మెత్తగా వస్తాయి. అలా అని నమ్మి లోపలికి వెళ్లొద్దు, ఏటా మునిగిపోయేవాళ్లుంటారు. మోకాళ్లు దాటకుండా నిలబడండి చాలు. నేను ఒడ్డున చెప్పులకి కాపలా. పిల్లలిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని అలలకి ఎదురెళ్తున్నారు. చుట్టూ ఇంకెందరో ఆడపిల్లలు అలాగే చేతులు పట్టుకున్నారు, ఎవరూ ఎవర్నీ చూడటం లేదు. ఆ పిల్ల ఒడ్డుకి రాగానే, "రాత్రి నేను అన్నది తప్పమ్మా" అన్నాను. "పర్లేదాంటీ" అంది. పర్లేదని మనం ఎప్పుడంటామో మనకు తెలుసు కదా.

అక్కణ్నుంచి చీరాల మీదుగా దక్షిణానికి వెళ్లే రోడ్డు ఒంగోలులో కలుస్తుంది. ఆ పిల్లది ఒంగోలు. ఈ సంగతి తెలిశాక ఇంట్లోవాళ్లు రావద్దన్నారు. బైపాసు మీద కారు మా పిల్ల నడుపుతోంది, ఎవరూ చెప్పకుండానే నెమ్మదించింది. ఆ పిల్ల అద్దంలోంచి ఎడంపక్కకి చూసి, "ఆ నీళ్ల ట్యాంకు వెనకాల" అంది. అంతే. తర్వాత రెండు కిలోమీటర్ల దాకా ఎవరం మాట్లాడలేదు. నేను వెనక సీట్లోంచి నిమ్మకాయ నీళ్లు కలిపి అందించాను. తాగింది.

నెల్లూరు, మైపాడు సంగతి పెద్దగా చెప్పేదేం లేదు, జనం ఎక్కువ, చేపల పులుసు మాత్రం బాగుంది. లాడ్జిలో మళ్లీ అదే ప్రశ్న అడిగారు. ఈసారి, "ఆ ఇద్దరికీ ఒక గది, నాకొక గది. నా పిల్లలే" అన్నాను. అబద్ధం కాదు, నిజమూ మొత్తం కాదు.

మూడోనాడు సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద కొంతదూరం వెళ్లాం. అటూ ఇటూ పులికాట్ సరస్సు. మన దేశంలో చిలకా తర్వాత ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. చలికాలంలో ఎర్రకాళ్ల కొంగలు, అదే ఫ్లెమింగోలు, వేలకొద్దీ దిగుతాయి. మేం వెళ్లేసరికి పక్షులు లేవు, నీళ్లూ లేవు. నేలంతా ఉప్పు పెచ్చులు తేలి, ఎండకి కళ్లు చెదిరాయి. నాకు ఉసూరుమంది. "ఇంకాస్త కిందికి వెళ్తే నీళ్లుంటాయి పిన్నీ" అని తడ మీదుగా తమిళనాడు వైపు పళవేర్కాడు తీసుకెళ్లారు. ఎప్పుడో 1600ల్లో డచ్చివాళ్లు కోట కట్టిన ఊరు, వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, గేటు పక్కన రాతిలో అస్థిపంజరాలు చెక్కారు. అవి చూసి నేను దణ్ణం పెట్టుకుని బయటే నిలబడ్డాను.

ఆ ఊళ్లో వంతెన దాటితే ఒకపక్క సరస్సు, ఒకపక్క సముద్రం. పిల్లలు అంతదూరం ఎందుకు రావాలనుకున్నారో అప్పుడు చెప్పారు. అమెరికాలో మిషిగన్ సరస్సు ఒడ్డున సాగటక్ అని చిన్న ఊరుందట. సరస్సే గానీ సముద్రంలా అలలూ ఇసుకా ఉంటాయట. ఇలాంటి జంటలు ఎన్నో ఏళ్లుగా వేసవికి అక్కడికి వెళ్తారట, ఎవరూ ఏమీ అడగరట. చదువుకునే రోజుల్లో వీళ్లిద్దరూ మొదటిసారి కలిసి వెళ్లింది ఆ ఊరికే. మన దగ్గర సరస్సూ సముద్రమూ ఒకేచోట ఎక్కడుందా అని వెతికితే ఇది దొరికిందట.

వంతెన దగ్గర రొయ్యలమ్మే ముసలావిడ తెలుగూ అరవమూ కలిపి మాట్లాడుతోంది. బేరమాడుతున్న ఆ పిల్లని చూసి, నన్ను చూపిస్తూ, "మీ అమ్మా?" అని అడిగింది. నాకు గుండె ఒక్కసారి దడదడలాడింది. ఈసారి నేనేమీ అనకూడదని పెదవులు బిగబట్టాను. ఆ పిల్ల రొయ్యలు ఏరుతూ, తలెత్తకుండానే, "కాదవ్వా, మా చిన్నత్తయ్య" అంది.

చూశారా! నేను రాత్రంతా దాన్ని ఏమనాలో వెతికాను గానీ, అది నన్నేమంటుందో ఆలోచించనే లేదు. కట్టుకున్నవాళ్ల పిన్ని అంటే చిన్నత్తయ్యే మరి. ముసలావిడ ఇంకో గుప్పెడు రొయ్యలు కొసరు వేసింది. మా పిల్ల సరస్సు వైపు తిరిగి నిలబడింది, ఏడ్చిందో నవ్విందో నాకు కనపడలేదు.

తిరుగుప్రయాణంలో నల్గొండలో దిగాం. అక్క గేటు దగ్గరే నిలబడి ఉంది. అన్నాలయ్యాక చీర విప్పి, అంచు వేళ్లతో తడిమి, "ఎవరు ఏరారే?" అంది. నేను ఆ పిల్ల వైపు చూపించాను. అక్క ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు కుంకుమభరిణె, ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ తాను తెచ్చింది. మా పిల్లకి ఒక ముక్క చించింది. అదే తానులోంచి ఆ పిల్లకీ ఒక ముక్క చించి, బొట్టు పెట్టి, చేతిలో పెట్టింది. ఇంటికొచ్చిన ఆడపిల్లకి ఎవరికైనా పెడతాం, అలా పెట్టిందో ఇంకెలా పెట్టిందో! అడుగుదామని నోటిదాకా వచ్చి మానేశాను.

ఆ పిల్ల ఆ ముక్కని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎల్బీనగర్ వచ్చేదాకా మడత విప్పలేదు.