గేటు దాటి లోపలికి: హైదరాబాదులో ఒక రోజు

హైదరాబాదు చూడబోయే మన పల్లెటూరి కుటుంబాలు ఇదివరకు చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియము, గోల్కొండ కోట, జూ పార్కు చూసి వచ్చేవారు. ఇప్పుడు ఆ వరుసలో మరొకటి చేరింది. "మా అబ్బాయి కంప్యూటర్ సైన్సు చదువుతున్నాడు, ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎలా ఉంటాయో ఒకసారి చూసి వద్దాము" అనే తల్లిదండ్రులు ప్రతి ఊరిలోనూ కనిపిస్తున్నారు. అందులో తప్పేమీ లేదు. కౌలు పొలము మీద మిగిలినది, డ్వాక్రాలో తెచ్చినది, ఫీజు రీయింబర్సుమెంటు సమయానికి రాక చేతి నుంచి కట్టినది, ఇదంతా ఏ గుమ్మము కోసము ఖర్చవుతున్నదో ఆ గుమ్మమును కళ్ళారా చూసుకోవాలని ఎవరికి ఉండదు?

2025 ఆగస్టులో మా సంఘములోని ఒక విద్యార్థికి తోడుగా నేను అక్కడికి వెళ్ళాను. అతడు ఇంజనీరింగు ఆఖరి సంవత్సరము. నిజానికి ఆ ఏడాది మార్చిలో అతడు ఒకసారి వెళ్ళి వచ్చాడు. కాలేజీవారు ఇండస్ట్రియల్ టూరు అని తలకు మూడు వేల ఐదు వందలు వసూలు చేసి, అరవై మందిని బస్సు ఎక్కించి, ఒక పెద్ద కంపెనీ గేటు ఎదుట బ్యానరు పట్టించి ఫోటో తీయించారు. మధ్యాహ్నానికి అందరూ రామోజీ ఫిల్మ్ సిటీలో ఉన్నారు. "ఏమి చూశావు నాయనా?" అని అడిగితే, "గేటు బాగుందండి అయ్యగారూ" అన్నాడు, నవ్వకుండా.

ఈసారి గేటు లోపలికి వెళ్ళే అవకాశము దొరికింది. మా పక్క ఊరి అమ్మాయి ఒకరు అక్కడ ఒక పెద్ద కంపెనీలో ఎనిమిదేళ్ళుగా పని చేస్తున్నారు. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి, ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరములో చేరిన పిల్ల. "పనిదినము చూసి రండి అయ్యగారూ, అతిథులుగా లోపలికి తీసుకువెళ్తాను" అని పిలిచారు. కంపెనీ పేరు మాత్రము పత్రికలో రాయవద్దని కోరారు, కనుక రాయడము లేదు.

రాత్రి బండి ఎక్కి తెల్లవారుజామున సికింద్రాబాదులో దిగాము. స్టేషను పక్కనే మెట్రో రైలు ఉన్నది. నాగోలు నుంచి రాయదుర్గము వెళ్ళే ఆ మార్గము అమీర్‌పేట మీదుగా పోతుంది. అమీర్‌పేట పేరు వినని కంప్యూటర్ విద్యార్థి ఉండడు. మైత్రీవనము చుట్టుపక్కల సందుల్లో ఒకదానిపై ఒకటి కోచింగు సెంటర్ల బోర్డులు. పక్కనే జిరాక్సు షాపులు, హాస్టళ్ళు, టిఫిను బండ్లు. చివరి సంవత్సరము ప్రాజెక్టులు కూడా అక్కడ డబ్బిచ్చి కొనుక్కోవచ్చునట. మావాడు ఆ బోర్డుల వైపు చూసి తల తిప్పుకున్నాడు. ఎందుకో నాకు మధ్యాహ్నము తెలిసింది.

జూబిలీహిల్స్ దాటిన తరువాత కిటికీలోనుంచి అక్కడక్కడ పెద్ద పెద్ద బండరాళ్ళు కనిపిస్తాయి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు నిలబడి ఉంటాయి. ఎవరూ పేర్చలేదు. ఆ నల్లసేనపు రాయి వయస్సు సుమారు 250 కోట్ల ఏళ్ళు అని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. పొరలుగా చీలి, వానకు ఎండకు అంచులు అరిగి అలా మిగిలినవి. ఇక కొంచెము ముందుకు దుర్గము చెరువు. గోల్కొండ నవాబుల కాలములో కోటకు నీరు అందించిన చెరువు అది. ఈరోజు దానిమీద 2020లో ప్రారంభమైన తీగల వంతెన వేలాడుతున్నది.

హైటెక్ సిటీ స్టేషనులో దిగి, ముందుగా సైబర్ టవర్స్ చూశాము. నాకు దానిని చూడాలని ఎప్పటినుంచో ఉన్నది. గుండ్రముగా పది అంతస్తుల భవనము, నాలుగు భాగాలు, నడుమ ఖాళీ స్థలములో ఫౌంటెన్. అప్పటి ప్రధానమంత్రి వాజపేయి గారు 1998 నవంబరు 22న దీనిని ప్రారంభించారు. నిన్నటిదాకా రాళ్ళు, తుప్పలు తప్ప ఏమీ లేని మాదాపూరు పేరు ఆ రోజునుంచి పేపర్లలో పడింది. మైక్రోసాఫ్ట్ సంస్థ హైదరాబాదులో తన అభివృద్ధి కేంద్రమును మొదలుపెట్టినదీ ఆ 1998లోనే. ట్రిపుల్ ఐటీ పుట్టినదీ ఆ ఏడే. హైదరాబాదులో పుట్టి, బేగంపేట పబ్లిక్ స్కూలులో చదివిన సత్య నాదెళ్ళ గారు 2014 ఫిబ్రవరిలో అదే మైక్రోసాఫ్ట్‌కు ప్రధాన అధికారి అయ్యారు. చుట్టూ లేచిన అద్దాల మేడల మధ్య సైబర్ టవర్స్ ఇప్పుడు పాత కాలపు కచేరీలాగా చిన్నగా కనిపిస్తుంది. మావాడికి అది అంతగా ఆనలేదు. వాడు పుట్టకముందు సంగతి మరి.

మెట్రో రాయదుర్గముతో ఆగిపోతుంది. అక్కడి నుంచి ఆటోలో గచ్చిబౌలి మీదుగా నానక్‌రామ్‌గూడ వైపు వెళ్ళాము. ఆ ప్రాంతమును ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అంటారు. దారిలో అమెజాన్ కంపెనీ భవనము వచ్చింది. 2019 ఆగస్టులో తెరిచారు. తొమ్మిదిన్నర ఎకరాల స్థలము, పదిహేను వేల మంది కూర్చునే చోటు. లోపల 49 లిఫ్టులు ఉన్నాయట. ప్రపంచములో తమ కంపెనీ కట్టిన భవనాలన్నిటిలో ఇదే పెద్దదని వారు అప్పుడు ప్రకటించారు. మన మండల కేంద్రములో ఉండే జనమంతా ఒక్క భవనములో కూర్చుంటారన్నమాట.

అయితే నా కళ్ళు మేడల మీద కంటే కింద రోడ్డు మీద ఎక్కువ నిలిచాయి. గేటు ఎదుట టీ బండి నడిపే ఆమెది మహబూబ్‌నగర్ వైపు. సెక్యూరిటీ కుర్రవాడిది ఒడిశా. మెడలో ఐడీ కార్డు తాళ్ళు వేసుకున్న పిల్లలు కర్రీ పాయింటు దగ్గర ముప్పై రూపాయల పప్పు కట్టించుకుంటున్నారు. లక్షల జీతాలంటారు గాని, ఊరికి పంపవలసినది, పీజీ హాస్టలుకు కట్టవలసినది వారికీ ఉంటుంది కదా.

లోపలికి వెళ్ళడానికి ఆధారు కార్డు చూపించాము. ఫోటో తీసి విజిటర్ పాస్ ఇచ్చారు. ఫోను కెమెరా మీద చిన్న స్టిక్కరు అంటించారు. కార్డు తాకిస్తే తెరుచుకునే అడ్డుగేటు ఒక్కొక్కరిని మాత్రమే వదులుతుంది. ఏదో యంత్రాలు గిర్రున తిరుగుతుంటాయని నేను ఊహించాను. అటువంటిదేమీ లేదు. పొడవాటి హాలు, బల్లలు, ఒక్కొక్క బల్ల మీద రెండేసి తెరలు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనుష్యులు. మా ఊరి లైబ్రరీలో కూడా అంత నిశ్శబ్దము ఉండదు. అసలు పెద్ద కంప్యూటర్లు ఇక్కడ ఉండవట. డేటా సెంటర్లని వేరే ఊరి బయట ఉంటాయి. హైదరాబాదు చుట్టుపక్కల కూడా అటువంటివి కట్టారు. అమెజాన్ వారివి 2022 నవంబరులో పని మొదలుపెట్టాయి.

భోజనాల గదిలో కూర్చున్నాక ఆ అమ్మాయి తన పని ఏమిటో చెప్పారు. ఒక చిన్న మార్పు రాస్తే, ముందు పక్కనున్న మరొక ఇంజనీరు దానిని చదివి తప్పులు పట్టాలి. తరువాత కంప్యూటరే కొన్ని వందల పరీక్షలు పెడుతుంది. అప్పటికీ అందరికీ ఒకేసారి ఇవ్వరు. కొత్త విత్తనమును ముందు ఒక మడిలో చల్లి చూసినట్టు, కొద్దిమంది వాడేచోట వదిలి, ఏమీ చెడకపోతే మిగతావారికి ఇస్తారు. "రోజులో ఎక్కువ భాగము నేను రాయడము కాదు అయ్యగారూ, ఇతరులు రాసినది చదవడమే" అన్నారు. కొన్ని వారాలు రాత్రి ఫోను తలదగ్గర పెట్టుకోవాలి. ఎక్కడో ఏదో ఆగిపోతే రెండు గంటలకైనా లేచి చూడాలి.

మావాడు మెల్లగా నోరు విప్పాడు. "అక్కా, ఇప్పుడు ఏఐ వచ్చి కోడంతా అదే రాస్తున్నది కదా, మాకు ఉద్యోగాలుంటాయా?"

ఆమె తీపి మాటలు చెప్పలేదు. మైక్రోసాఫ్ట్‌లో కోడులో 20 నుంచి 30 శాతము సాఫ్ట్‌వేరే రాస్తున్నదని 2025 ఏప్రిల్‌లో సత్య నాదెళ్ళ గారే అన్నారని గుర్తు చేశారు. అదే ఏడాది ఆ కంపెనీ మే నెలలో సుమారు ఆరు వేల మందిని, జూలైలో సుమారు తొమ్మిది వేల మందిని ప్రపంచవ్యాప్తముగా తీసివేస్తున్నట్టు ప్రకటించింది. "మా గదిలో కూడా కొన్ని కుర్చీలు ఖాళీ అయ్యాయి తమ్ముడూ. భయము అందరికీ ఉన్నది. యంత్రము రాసినది సరియైనదా కాదా అని చెప్పగలిగిన మనిషి మాత్రము కావాలి. నీ ప్రాజెక్టు ఏది, చూపించు."

అప్పుడు వాడు తల వంచుకున్నాడు. కాలేజీలో చూపించిన ప్రాజెక్టు అమీర్‌పేటలో నలుగురు కలిసి కొన్నదట. "అది కాకుండా నువ్వు సొంతముగా రాసినది ఒక్కటైనా ఉన్నదా?" అని అడిగారామె. చాలాసేపటికి, ఊరిలో పాల కేంద్రము లెక్కల కోసము సరదాగా రాసినది ఒకటి ఉన్నదన్నాడు. లీటర్లు, వెన్న శాతము కొడితే ఎవరికి ఎంత డబ్బు వస్తుందో చెప్పే చిన్న ప్రోగ్రాము. వాడి సంచిలోని పాత ల్యాప్‌టాప్ తీయించి, ఆమె దానిమీద ముప్పావు గంట కూర్చున్నారు. నాకు అర్థమైనది కొంచెమే. "గేదె పాలకు ఆరున్నర అని కొట్టబోయి, చుక్క మరిచిపోయి అరవై ఐదు కొడితే నీ ప్రోగ్రాము ఏమంటుంది?" అన్న ప్రశ్న మాత్రము నాకూ అర్థమైంది. వాడు కొట్టి చూశాడు. ఏమీ అనలేదు, పదింతల డబ్బు చూపించింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. అక్కడే కూర్చుని దిద్దడము మొదలుపెట్టాడు. అన్నము చల్లారిపోయింది.

మా ప్రయాణము వెనుక ఉన్న అసలు సంగతి తిరిగి వచ్చేటప్పుడు బయటపడింది. ఒక కన్సల్టెన్సీ మనిషి వాడి తండ్రిని కలిసి, ఇటువంటి కంపెనీలోనే దొడ్డిదారిన ఉద్యోగము వేయిస్తానని, మొత్తము రెండున్నర లక్షలని, ముందు లక్ష కట్టాలని చెప్పాడట. రెండేళ్ళ అనుభవము ఉన్నట్టు కాగితాలు కూడా వాడే పుట్టిస్తాడట. తండ్రి రెండు గేదెలకు బేరము కుదుర్చుకున్నాడు. సోమవారము డబ్బు ఇవ్వాలి.

ఆ అమ్మాయి నిలబడిపోయారు. "తమ్ముడూ, ఇక్కడ ఒకరిని తీసుకోవాలంటే ముందు పరీక్ష పెడతారు. తరువాత నలుగురు విడివిడిగా మాట్లాడతారు. ఎవరి అభిప్రాయము వారు రాస్తారు. ఆ నలుగురిలో ఏ ఒక్కరూ ఒంటరిగా ఉద్యోగము ఇవ్వలేరు. మరి ఆ రెండున్నర లక్షలు ఎవరికి చేరతాయి? చేరిన తరువాత కూడా పాత ఉద్యోగము నిజమో కాదో పీఎఫ్ ఖాతాతో సరిచూస్తారు. అబద్ధమని తేలితే ఆ రోజే పంపించేస్తారు. నేను చూశాను." ఐఐటీల అధ్యాపకులు చెప్పే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఇంటర్నెట్టులో ఉచితముగా ఉన్నాయని, వాటిలో ముందు ఏవి వినాలో ఒక కాగితము మీద రాసి ఇచ్చారు. మూడే పేర్లు రాశారు. పది రాస్తే ఒకటీ చేయడని కాబోలు. ఉద్యోగము ఇప్పిస్తానని మాత్రము ఆమె ఒక్క మాట కూడా అనలేదు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఉద్యోగము ఇచ్చే కంపెనీ జీతము ఇస్తుంది గాని మన దగ్గర డబ్బు తీసుకోదు. ఎవరైనా తీసుకుంటున్నారంటే అక్కడ మీ పిల్లవాడు ఉద్యోగి కాదు, బేరము.

సాయంత్రము రాయదుర్గము స్టేషనులో, ప్లాట్‌ఫారము మీద నిలబడి వాడు ఇంటికి ఫోను చేశాడు. గేదెలను అమ్మవద్దని చెప్పాడు. అవతల చాలాసేపు మాట లేదు. తరువాత తండ్రి ఏదో అడిగాడు.

"చూపించాను నాన్నా. పాల లెక్కలదే. వెన్న శాతములో చుక్క మరిచిపోతే ఏమవుతుందని అడిగిందక్క."

ఫోను స్పీకరులో లేకపోయినా తండ్రి గొంతు నాకు వినిపించింది. "ఓరి, పోయిన సంక్రాంతికి మన కేంద్రములో నిజముగానే అలా జరిగిందిరా! రెండు రోజులు గొడవ. నీకు చెప్పలేదూ?"

"చెప్పలేదు నాన్నా," అన్నాడు వాడు. "రేపు వచ్చి మొత్తము అడుగుతాను, అన్నీ చెప్పు." రైలు వచ్చింది. సీటు దొరికింది గాని వాడు కూర్చోకుండా, ఆ మూడు పేర్ల కాగితము వెనుక ఏవో అంకెలు వేసుకుంటూ అమీర్‌పేట దాటేదాకా నిలబడే ఉన్నాడు.