ఉత్తుత్తి ఎర, నిజమైన చేప

అమెరికా వెళ్ళివచ్చిన వారంతా నయాగరా జలపాతం గురించి చెబుతారు. నాకూ చెప్పాలనే ఉంది కాని, 2023 ఏప్రిల్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉన్న నెల రోజుల్లో నేను చూసిన నీళ్ళు లేక్ ఫోర్క్ ఒక్కటే. డల్లాసుకు తూర్పుగా సుమారు గంటన్నర కారు ప్రయాణం. సబీన్ నదిలో కలిసే ఒక వాగుకు కట్ట వేసి, 1980లో నీరు నిలిపి చేసిన చెరువు అది. చెరువని నోటికి తేలిగ్గా అంటున్నాను గాని, 27,000 ఎకరాల పైమాట!

దాని ప్రఖ్యాతి అంతా బాస్ అనే చేప వల్ల. నోరు పెద్దది గనుక లార్జ్‌మౌత్ బాస్ అంటారు. మన కొర్రమీనుకు చుట్టం కాదు గాని గుణం మాత్రం అదే: నాచు చాటున పొంచి ఉండి, ఎదుట కదిలినదాన్ని గుటుక్కున మింగడం. టెక్సాస్ రాష్ట్రంలో రికార్డుకెక్కిన బాస్‌లలో అన్నిటికన్న బరువైనది 1992లో ఈ చెరువులోనే పడింది. 18.18 పౌన్లు, అంటే 8 కిలోల పైన.

మా మనవడికి 12 ఏళ్ళు. వాడికి తెలుగు వచ్చు. నాతో చెప్పడానికి మాటలే లేవు. ‘తిన్నావా తాతయ్యా?’, ‘పడుకున్నావా తాతయ్యా?’ — అంతటితో సరి. ఒక సాయంత్రం మాటవరసకు, చిన్నప్పుడు బందరు కాలువ గట్టున కూర్చుని గాలం వేసేవాణ్ణని అన్నాను. వాడు చేతిలో ఫోను కింద పెట్టేశాడు! లోపలికి పరుగెత్తి, పుట్టినరోజులకు వచ్చిన డబ్బు 150 డాలర్లు తెచ్చి నా ముందు పోశాడు. ‘‘నువ్వే ఎంచి పెట్టు తాతయ్యా’’ అన్నాడు.

ఎంచడానికి నాకు తెలిసిన సామగ్రి ఎంత? వెదురు కర్ర, నూలు దారం, జీలుగు బెండు, కొబ్బరి చిప్పలో వానపాములు. ఆ కొట్టులో అడుగు పెట్టేసరికి నా కళ్ళు తిరిగాయి. పెళ్ళివారి చీరల కొట్టులో లాగా గోడల నిండా రంగురంగుల ఎరలు. రబ్బరు కప్పలు, తగరపు రేకులు తిరిగేవి, మూడు ముక్కలుగా ఒళ్ళు తిప్పే బొమ్మ చేపలు. వాటిల్లో ఒక్కటీ తినేది కాదు. అన్నీ ఉత్తుత్తివి.

వాడి చెయ్యి మిలమిలలాడే 30 డాలర్ల బొమ్మ చేప మీదికి పోయింది. కొట్టులో పని చేసే ముసలాయన నవ్వి, ‘‘ముందు కర్ర, తరువాత దారం, ఆఖరున ఎర’’ అన్నాడు. ఆయన చెప్పినదంతా అబ్బాయి నాకు తెలుగులో చెప్పాడు.

కర్ర 7 అడుగులది చాలు. కొస మాత్రమే వంగి మొదలు గట్టిగా ఉండాలి. కొస వంగితేనే చేప ముట్టిన సంగతి చేతికి తెలుస్తుంది. మొదలు గట్టిగా ఉంటేనే మొద్దుల్లోకి దూరిపోయే చేపను ఇవతలికి లాగగలం. రీళ్ళు ముఖ్యంగా రెండు రకాలు. పెద్దలు వాడే రకంలో విసిరేటప్పుడు బొటనవేలు అదుపు తప్పిందా, దారం పిచ్చుకగూడై కూర్చుంటుంది. కొత్తవాడికి కర్ర కింద వేలాడే స్పిన్నింగ్ రీలే మేలు.

దారంలో మూడు జాతులు. మామూలు నైలాన్ చవక, కాని లాగితే సాగుతుంది. ఫ్లోరోకార్బన్ నీళ్ళలో మునుగుతుంది, చేప కంటికి ఆనదు, మొద్దుకు రాసుకున్నా త్వరగా తెగదు. అల్లిక దారం సాగనే సాగదు. 30 పౌన్లు మోసేది 8 పౌన్ల నైలాన్ దారమంత సన్నంగా ఉంటుంది. కాని తేట నీళ్ళలో చేప దాన్ని ఇట్టే పసికడుతుంది. అందుకని రీలు నిండా అల్లిక దారం చుట్టి, చివర రెండు బారల ఫ్లోరోకార్బన్ ముడి వేయించాము.

ఇక ఎర. ముసలాయన ఒక రబ్బరు వానపాముల పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. 1949లో ఒహాయో రాష్ట్రంలో నిక్ క్రీమ్ అనే ఆయన భార్యతో కలిసి ఇంట్లో వంటపొయ్యి మీద ఇలాంటి పాములు పోత పోయడం మొదలుపెట్టాడట. ముందు తూటా వంటి చిన్న బరువు, వెనుక పాము. గాలపు మొనను పాము ఒంట్లోనే దాచేస్తారు. అందువల్ల నాచుకూ కొమ్మలకూ అంతగా తగులుకోదు. దాన్నే టెక్సాస్ పద్ధతి అంటారు. నీరు తేటగా ఉంటే ఆకుపచ్చవి, మురికిగా ఉంటే నల్లవి. రెండు పొట్లాలు కొన్నాము. మిగిలిన డబ్బుతో ఒక రబ్బరు కప్ప కావాలన్నాను. అది నాకోసం.

ఎందుకో చెబుతాను. మా ఊరి చెరువులో కొర్రమీను ఎర్రటి పిల్లల గుంపును కాచుకుని తిరిగేది. పిల్లల మధ్య చిన్న కప్పను ఆడిస్తే ఆకలి లేకపోయినా వచ్చి కొట్టేది. అలా ఒక పెద్దదాన్ని పట్టి ఇంటికి మోసుకెళ్ళాను. మర్నాడు వెళ్ళి చూస్తే ఆ ఎర్రటి గుంపు లేదు. అప్పుడు నాకూ 12 ఏళ్ళే.

శనివారం తెల్లవారేసరికి చెరువు గట్టున ఉన్నాము. నాకు లైసెన్సు కావలసివచ్చింది. 17 ఏళ్ళ లోపు పిల్లలకు అక్కర్లేదు. కట్ట వేసిననాడు మునిగిన చెట్లు ఇప్పటికీ మోడులై నీళ్ళలో నిలబడి ఉన్నాయి. నా కప్ప రెండో విసురుకే ఒక మోడు పాలయింది. మావాడు పామును విసిరి, అడుగుకు దిగనిచ్చి, నెమ్మదిగా ఈడుస్తున్నాడు. గంటకు దారం పక్కకు జరిగింది. ‘‘లాగరా!’’ అని కేక వేశాను. కర్ర కొస వంగింది, మొదలు నిలిచింది. చేప గాలిలోకి ఎగిరి, తల విదిల్చి, చివరకు ఒడ్డుకు వచ్చింది.

మూతి మూసి, తోక కొసలు దగ్గరకు నొక్కి బద్దతో కొలిచాడు. 17 అంగుళాలు. వాడి మొహం వాడిపోయింది. ఆ చెరువులో 16 నుంచి 24 అంగుళాల లోపు బాస్‌ను ఉంచుకోరాదు. బలిసి పిల్లలు పెట్టే ఈడని కాపాడతారు.

ఇంట్లో కోడలు పులుసుకు చింతపండు కూడా నానబెట్టింది. చుట్టూ మనిషి లేడు. ‘‘ఒక్క అంగుళమేగదరా, ఎవరు చూశారు?’’ అన్నాను.

వాడు నా మొహంలోకి చూశాడు. ‘‘కొలిచాం కద తాతయ్యా’’ అన్నాడు.

నాకు తల కొట్టేసినట్లయింది. వసంతకాలంలో మగ బాస్ గూడు చేసి గుడ్లనూ పిల్లలనూ కాస్తుందని కొట్టు ముసలాయన చెప్పే ఉన్నాడు. ఇది అదే అయి ఉండవచ్చు. ‘‘నేను వదలనా?’’ అని అడిగాను. వాడు చేపను నా చేతుల్లో పెట్టాడు. నీళ్ళలో కాసేపు పట్టుకుని, అది తోక కదిలించగానే వేళ్ళు విప్పాను.

తిరుగు ప్రయాణంలో వాడికి కొర్రమీను కథ చెప్పాను, మర్నాటి సంగతితో సహా. ఇంటికి చేరేదాకా వాడు ఒకటే ప్రశ్నలు.