కళింగపట్నం ఇసుకలో ఉంగరం వేట

వంశధార సముద్రంలో కలిసే చోటు కళింగపట్నం. లైట్‌హౌస్, సాయంత్రం గాలి, కాళ్ల కింద నల్ల చారల ఇసుక. ఆ ఇసుకలోనే మా బావ నిశ్చితార్థం ఉంగరం జారిపోయింది. పెళ్లికి ఇంకా పది రోజులే!

మర్నాడు పొద్దున్నే నా మెటల్ డిటెక్టర్‌తో దిగాం. లోతుగా పట్టేస్తుందని విడిగా కొన్న పెద్ద కాయిల్ బిగించా. ఆన్ చేయగానే ఒకటే గోల.

"ఏటి బావా, అడుగడుక్కీ బంగారమేటి?" అని నవ్వాడు.

బంగారం కాదు, ఇసుకే. ఇక్కడి ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలుంటాయి. అయస్కాంతం పెడితే కొన్ని నల్ల రేణువులు అంటుకుంటాయి కూడా. పెద్ద కాయిల్ ఒకేసారి ఎక్కువ ఇసుకను చూస్తుంది కాబట్టి ఆ గోలా ఎక్కువే. చిన్న డీడీ కాయిల్‌కి మార్చి, సెన్సిటివిటీ తగ్గించి, గ్రౌండ్ బ్యాలెన్స్ మళ్లీ చేశా. లోతు తగ్గింది కానీ చెవులకు ప్రశాంతత. మీరూ కాయిల్ కొంటే పిన్ను సరిపోయిందా అని మాత్రమే కాదు, మీ మోడల్‌కి చేసిందేనా అని చూడండి.

రెండు గంటలు సీసా మూతలే. తర్వాత, పొడి ఇసుకలో, జానెడు లోతున ఉంగరం! బావ కళ్లలో నీళ్లు.

తిరుగుదారిలో శాలిహుండం బౌద్ధ స్తూపాల కొండ. "ఇక్కడా ఓసారి తిప్పుదుమా?" అన్నాడు. వద్దన్నా. అది రక్షిత ప్రదేశం, తవ్వితే నేరం. భూమిలో పది రూపాయలు దాటిన నిధి ఎక్కడ దొరికినా కలెక్టర్‌కి చెప్పాలని 1878 నాటి చట్టం. డిటెక్టర్‌ని కారులోనే వదిలేసి, ఖాళీ చేతులతో కొండెక్కాం.