తక్కువైంది కదా సారూ

దీపావళి దాటిందంటే నారాయణఖేడ్ చుట్టుపక్కల తండాలు పలచబడతాయి. మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకున్న ఆలుమగలు పిల్లల్ని ముసలివాళ్లకు అప్పగించి, చెరుకు నరకడానికి జహీరాబాద్ వైపో, కర్ణాటక, మహారాష్ట్రలకో వెళ్లిపోతారు. టీబీ మందులు సగంలో ఉన్నవాళ్లూ వాళ్లలో ఉంటారు. ఏటా ఆ రోజుల్లో నాకు అదే దిగులు.

ఓ యువకుడు మొదటిసారి వచ్చినప్పుడు గళ్లలో నెత్తురు. ప్యాంటు జారకుండా నడుముకు సుతిలి తాడు కట్టుకున్నాడు. ఆరు నెలలు మందులు మింగాలంటే భార్య తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. రెండు నెలలకు దగ్గు పోయింది, ఒళ్లు చేసింది. మనిషి మళ్లీ కనిపించలేదు. చెరుకు అయిపోయాక ఎండాకాలంలో అదే దగ్గుతో వచ్చాడు.

"తక్కువైంది కదా సారూ, ఇగ గోలీలెందుకని ఇడిసిపెట్టిన."

అతన్ని తిట్టబుద్ధి కాలేదు. బీపీ గోలీ మానేసి పక్షవాతంతో వచ్చిన పంతులుగారూ ఆ మాటే అన్నారు. బాధ ఉన్నంతసేపు ఏ ఒట్టయినా వేస్తాం, బాధతో పాటే ఒట్టూ పోతుంది. మరుపు లేకపోతే బిడ్డను పోగొట్టుకున్న తల్లి మళ్లీ పొయ్యి రాజేయలేదు. మనల్ని బతికించే ఆ గుణమే రోగం దగ్గర ముంచుతుంది. మొదటి రెండు నెలల్లో టీబీ క్రిములు చాలావరకు చస్తాయి. మొండివి చడీచప్పుడు లేకుండా మిగులుతాయి. తర్వాతి నాలుగు నెలల మందు వాటి కోసమే. అప్పటికి రోగికి ఏ బాధా ఉండదు, అదే చిక్కు.

మద్రాసు డాక్టర్లు ఈ చిక్కును ఏనాడో చూశారు. అక్కడ 1956లో మొదలైన అధ్యయనం, ఇంటిపట్టున మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని తేల్చింది. మరి ఇంట్లో రోజూ మింగుతారా? అందుకే ఎదుట నిలబడి మింగించే పద్ధతిని 1960లలో అక్కడే పరీక్షించి చూశారు. భయపెట్టడం కన్నా పక్కన మనిషి ఉండటం మేలని నా అనుభవమూ చెబుతోంది.

ఆ యువకుడికి మామూలు మందులే పనిచేస్తాయని పరీక్షలో తేలింది, అదృష్టం. ఈసారి వాళ్లమ్మ వెంట వచ్చింది. "పొద్దుగాల రొట్టె తినంగనే నా ముంగట మింగాలె" అని గోలీల పొట్లం తన కొంగున కట్టుకుంది. మేస్త్రీ పిలుపు వచ్చేలోగా కోర్సు పూర్తయింది.

టీబీ మందులు ఏ రాష్ట్రంలోనైనా సర్కారు దవాఖానలో ఉచితం. తిండి కోసం 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు ఇస్తున్నారు. మీ ఇంటి నుంచి ఎవరైనా చెరుకుకు పోతుంటే మందుల కార్డు మూటలో పెట్టండి. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి గోలీ వేసుకున్నావా అని అడగండి.